ఇంటిపేరు ముందున్నందుకు

మీ జాతకం చూసి ఉద్యోగం తీసేస్తే ఊరుకుంటారా? ఊరుకోరు. మరి కంప్యూటర్ వేసిన అంకె చూసి తీసేస్తే ఎందుకు తలవంచుతారు?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, విజయవాడలో ఒక అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాఖలో నేను లైబ్రేరియన్ని. మా శాస్త్రవేత్తలు ఎన్ని వ్యాసాలు ప్రచురించారో, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారో లెక్క తేల్చాలని ప్రధాన కార్యాలయం అనుకుంది. విదేశీ డేటాబేసు నుంచి తీసిన పట్టిక పంపింది. నేను సరిచూసి సంతకం చేయాలి. అట్టడుగున ఉన్నవారి కాంట్రాక్టు పొడిగించరు.

అట్టడుగున ఉన్నది వన్ టౌన్ నుంచి వచ్చే ఒక ముస్లిం సహోద్యోగిని. పామర్రు పొలాల్లో దోమపోటు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. నాకు నమ్మబుద్ధి కాలేదు, వెతికాను. మన వైపు హిందువులైనా ముస్లిములైనా ఇంటిపేరు ముందు రాసుకుంటాం. ఆ డేటాబేసు చివరి మాటనే ఇంటిపేరనుకుంటుంది. కొన్ని పత్రికలు ఆమె పేరును ఉన్నదున్నట్టు, కొన్ని తిప్పి వేయడంతో ఆమె వ్యాసాలు ఇద్దరు మనుషుల కింద చీలిపోయాయి.

"అయితే నేను ఇద్దరినన్నమాట. జీతం మాత్రం ఒక్కటే ఇస్తున్నారు కదండీ," అన్నారామె.

అగ్రస్థానం మా డైరెక్టరు గారిది. ఆయన పేరు చివరి మాట డెల్టాలో వీధి వీధికీ వినిపించేదే. ఆ చివరి మాటా, అవే పొడి అక్షరాలూ ఉన్న వాళ్ళందరి వ్యాసాలూ ఆయన ఖాతాలో పడ్డాయి. ఆయన గదికి వెళ్ళి పట్టిక తప్పని చెప్పాను.

"కంప్యూటర్ లెక్కను కాదంటారేంటండీ మీరు?"

"గేదెలు ఈనడం మీద మీరెప్పుడైనా రాశారాండీ?"

"హెడ్డాఫీసు పంపింది, మనకెందుకు? సంతకం పెట్టేయండి."

"ఆవిడ లెక్క సరిచేస్తే పెడతాను."

"ఆవిడది సరిచేస్తే అందరివీ సరిచేయాలి కదండీ." ఆయన గొంతు తగ్గింది.

తాయెత్తు కట్టుకున్న రైతును వెక్కిరించే పెద్దమనిషి, తనకు కలిసొచ్చిన అంకెకు మాత్రం భక్తుడైపోయారు.

నేను సంతకం చేయలేదు. రచయితల చిరునామాలూ విషయమూ చూసి ఆమె వ్యాసాలను ఒకచోట చేర్చాను, ఆయనవి కానివాటిని ఆయన లెక్కలోంచి తీసేశాను, నేరుగా ప్రధాన కార్యాలయానికి పంపాను. ఈసారికి గడువు అయిపోయిందని జవాబు వచ్చింది. నా సంతకం లేకుండానే పట్టిక అచ్చయింది. ఆమె ఉద్యోగం పోయింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగిందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఏ పద్ధతి? మనిషెవరో తెలుసుకోకుండా ఆమె పనిని తూచే పద్ధతా?

మీ ఆఫీసుకూ, మీ కాలేజీకీ ఇలాంటి పట్టికలు వస్తాయి. సంతకం పెట్టే ముందు అట్టడుగు పేరు దగ్గర ఆగండి. ఆ మనిషి రాసినవి తెప్పించి చదవండి. లెక్క తప్పయితే, గడువు దాటకముందే, మీ పేరు పెట్టి రాసి పంపండి.