చేత్తో పిలిచే పేరు

2022 వానాకాలం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలిపోయినా, దిల్‌సుఖ్‌నగర్‌లో మా పశువుల క్లినిక్ ఉన్న సందులో ఇంకా బత్తాయి వాసన వస్తున్నట్టే ఉండేది. ఆ రోజు పోచంపల్లి నుంచి వచ్చి చీరల దుకాణం నడుపుకుంటున్న శ్రీధర్, డిగ్రీ చదివే కూతురు నిఖితతో కలిసి నీలికళ్ల తెల్ల కుక్కపిల్లను ఒకదాన్ని తెచ్చాడు. ఆయన తల్లి లక్ష్మమ్మ కూడా వచ్చి గోడవారగా బల్లమీద కూర్చుంది.

"పేరేం పెట్టారు?" అని అడిగాను.

"అదే లొల్లి సార్. ఆడకుక్క అని తెలిస్తే చాలు, గల్లీలో అందరూ వదిలెయ్యమంటరు. టైగర్ అని పిలుద్దామంటే మా బిడ్డ ఇనదు."

"ఆడదాన్ని మగపేరు కింద దాచుడేంది డాడీ? ఆడైనా మగైనా ఒక్కతీరు పిలిచే పేరు గావాలె," అంది నిఖిత. మబ్బు, బెల్లం, లడ్డు అన్నీ పిలిచి చూసిందట. దేనికీ పలకలేదు.

"పొగరు సార్ దీనికి," అన్నాడు శ్రీధర్. "మొన్న సాగర్ రోడ్డు మీద ఎంత మొత్తుకున్నా ఆగలే. జరైతే లారీ కింద పడేది."

కుక్కపిల్ల వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. స్టీలు ట్రే కింద పడేశాను. చెవులు కదల్లేదు. తెల్లటి ఒళ్లు, నీలికళ్లు ఉన్న కొన్ని కుక్కలకు పుట్టు చెవుడు ఉంటుంది. 'బేర్ టెస్ట్' అని ఒకటుంది. చెవిలో శబ్దం చేసి మెదడు స్పందించిందో లేదో చూస్తారు. అది చేయిస్తే నిర్ధారణ అవుతుందని చెప్పాను.

శ్రీధర్ గొంతు తగ్గింది. "మరింక పేరెందుకు సార్? ఇచ్చినోళ్లకే ఇచ్చేస్తం." కానీ ఇచ్చినవాళ్లంటూ ఎవరూ లేరు; వాళ్లకు అది దొరికింది రోడ్డు మీదే. వినపడని పిల్ల మళ్లీ రోడ్డుకు చేరితే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. నిఖిత ఏడుపు ఆపుకుంది.

అప్పుడు బల్లవైపు చూశాను. లక్ష్మమ్మ వయసులో ఉన్నప్పుడు ఆసు పోసేదట. చీర నేయడానికి ముందు, అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ పట్టు పోగు తిప్పే పని అది. ఇప్పుడు జ్ఞాపకం మసకబారినా, ఆ చెయ్యి గాలిలో అలాగే అటూ ఇటూ తిరుగుతోంది. దానితో పాటే కుక్కపిల్ల తల తిరుగుతోంది. చెయ్యి ఒడిలోకి దిగింది. కుక్కపిల్ల నేరుగా వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

"రోజూ నానమ్మ పక్కనే పంటది సార్," అంది నిఖిత మెల్లగా. తలుపు దగ్గరకు పోయి తనూ అలాగే చెయ్యి తిప్పి దించింది. కుక్కపిల్ల ఒక్క క్షణం చూసి ఆమె దగ్గరకు నడిచింది. శ్రీధర్ కూడా ప్రయత్నించాడు, గాలిలో ఈగలు తోలినట్టు.

"గట్ల గాదురా, పోగు తెగుతది!" అని గదమాయించింది లక్ష్మమ్మ.

వ్యాక్సిన్ కార్డులో ఆ రోజు 'ఆసు' అని రాశాం. రాసింది మా కోసమే. చప్పుడే లేని పేరును నా వృత్తిలో అదొక్కసారే చూశాను.

లక్ష్మమ్మ ఇప్పుడు లేదు. ఈమధ్య కర్మన్‌ఘాట్‌లో నా కళ్లముందే శ్రీధర్ చేతిలోంచి బెల్టు జారింది. ఆసు రోడ్డు అంచుకు ఉరికింది. ఆయన అరవలేదు. చెవిటి కుక్కలు తమవాళ్ల కోసం మాటిమాటికీ వెనక్కి చూస్తాయని నాకు నేర్పింది ఆసే. అది వెనక్కి చూసేసరికి, శ్రీధర్ చెయ్యి గాలిలో మెత్తగా, పోగు తెగకుండా తిరుగుతోంది.