కడిగొచ్చిన టిఫిన్

హుస్సేనీ ఆలంలో ఆ గల్లీ మొత్తానికి పెరుగు పోసేది నీలమ్మే. ఉన్నవి రెండు బర్రెలే అయినా గొంతు మాత్రం మందను తోలేంత ఉంది. ఆమె కన్నుగప్పి పాలలో నీళ్లు కలవవు, ఆమె కన్నుగప్పి మొగుడు గుట్కా నమలడు అని గల్లీ అంతా అనుకుంటుంది. నీలమ్మ కూడా అదే అనుకుంది. పోయిన దసరాకు ఆ గుట్కా మీదే ఇంట్లో పెద్ద లొల్లయింది. చివరికి శివయ్య ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు నీలా, ఇగ ముట్ట" అన్నాడు. అన్నాడు కదా అని ఆమె కూడా ఆ సంగతి వదిలేసింది.

ఇప్పుడు వచ్చిన తంటా టిఫిన్‌తో. ఆ ఇంట్లో టిఫిన్ అనే మాటకు ఒక్క అర్థం ఎప్పుడూ లేదు. నీలమ్మ పుట్టింట్లో టిఫిన్ అంటే, జ్వరమొస్తే హోటల్ నుంచి కట్టించుకొచ్చే ఇడ్లీ. కాపురానికొచ్చాక అది స్టీలు డబ్బా అయింది. మూత మీద సామాన్ల అంగడివాడు చుక్కలు చుక్కలుగా చెక్కిన "శివయ్య – నీలమ్మ" అనే పేర్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. శివయ్య అటెండరుగా పనిచేసే మలక్‌పేట సర్కారు గోదాములో డబ్బాలోని అన్నమూ టిఫినే, అది తినే వేళా టిఫినే. పక్కింటి కుల్సుం బీ దాన్నే తోషదాన్ అంటుంది. ఎవరేమన్నా సరే, పొద్దున నిండుగా పోవడం, సాయంత్రం ఎంగిలి గిన్నెలతో తిరిగి రావడం దాని పని.

అలాంటిది ఒకరోజు కడిగి వచ్చింది. ఏదో నీళ్లు పోసి తొలిచి తెచ్చినట్టు కాదు. పీచుతో తోమి, గిన్నె అంచు మలుపులో ఉండే జిడ్డు కూడా తీసి, తుడిచి మరీ పెట్టారు. శివయ్యా? పుట్టి బుద్ధెరిగి మంచినీళ్ల గ్లాసు కడిగిన మనిషి కాడే!

"ఎవలు కడిగిండ్రు?" అంది నీలమ్మ.

"నేనే. ఆఫీసుల నల్లా ఉంది గద."

"ఇంట్ల నల్లా లేదా? ఇన్నేండ్ల సంది కండ్లకు ఆనలేదా?"

శివయ్య బర్రెల దగ్గరికి పోయాడు.

ఆ రోజు నుంచి నీలమ్మ చూపు మొగుడి మీదే. చూస్తున్నకొద్దీ అన్నీ వంకరగానే కనిపించాయి. రాత్రి పళ్లెం ముందు కూర్చోడు. "టిఫినే మస్తయింది" అని ఇంత మజ్జిగ తాగి లేస్తాడు. ఎప్పుడైనా ఇంత పెరుగన్నం పిసుక్కు తింటే గోడవైపు తిరిగి తింటాడు. ఇంతకుముందు గేటు దగ్గర నుంచే బర్రెలకు ఈల వేసేవాడు, అదీ మానేశాడు. నవ్వడు. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడడు. తప్పు చేసినవాడు కాకపోతే ఇంట్లో ఇలా దొంగలా తిరగడమెందుకు?

కుల్సుం బీ చెవిన వేస్తే ఆమె తల పంకించింది. "మర్దాఁ ఐసేచ్ రహ్తే నీలమ్మా. మొగోళ్లంతా గింతే. జర కనిపెట్టుకొని ఉండు."

నీలమ్మ పరీక్ష పెట్టింది. గోంగూరలో గుప్పెడు పచ్చిమిరపకాయలు నూరి కలిపింది. డబ్బా ఖాళీగా, తళతళలాడుతూ వచ్చింది.

"కూర ఎట్లుండె?"

"మస్తుండె."

మరునాడు పప్పులో ఉప్పే వెయ్యలేదు. అదీ ఖాళీ అయింది. అదీ "మస్తుండె"నట! నీలమ్మ ఒళ్లు భగ్గుమంది. ఉప్పులేని పప్పును మెచ్చుకున్నాడంటే వాడు తినలేదన్నమాటే. ఎవతో తింటోంది. తిని, కడిగి పంపుతోంది. ఎంత ధైర్యం!

మరునాడు పెరుగు కుండ కుల్సుం బీకి అప్పగించి, పెళ్లిళ్లకు కట్టే చీర తీసి కట్టింది. సవతిని చూడబోతూ నలిగిన చీరలో పోతుందా మరి? ఆటోలో దారిపొడుగునా తిట్లు కూడబెట్టుకుంటూనే ఉంది.

గోదాము వెనక నల్లా దగ్గర ఒక ఆడమనిషి వంగి గిన్నెలు తోముతోంది. పక్కన గచ్చు మీద బోర్లించిన మూత మీద నీలమ్మ పేరు ఎండకు మెరుస్తోంది.

"ఏయ్! గా డబ్బా ఎవరిదనుకున్నవే?"

ఆమె తలెత్తి, మూత మీది పేరును, మనిషిని మార్చి మార్చి చూసి నవ్వేసింది. "నీలమ్మక్కవా? దా అక్కా. నేను సుజనను, గీడ ఊడుస్త. రోజు నీ పేరు తోముతున్న గని నిన్ను ఇయ్యాలనే చూస్తున్న. నిన్న పప్పుల ఉప్పు మర్సిపోయినవు!"

కొట్టడానికి నీలమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. "నా మొగని టిఫిన్ నువ్వెందుకు తింటున్నవ్?"

సుజన నవ్వు ఆగిపోయింది. "అన్న నీకు చెప్పలేదా? మెతుకు పెట్టుకుంటే నోరు మండుతదని ఏడుస్తడు అక్కా. పారేస్తే పాపం, అట్లనే తీస్కపోతే నీలమ్మ ఊకోదు, నువ్వు తిను అంటడు." గోనె సంచుల చాటును గడ్డంతో చూపించింది.

అక్కడ శివయ్య చాయ్‌లో బన్ను ముంచి, మెత్తగా పిసికి, పళ్ల సందులోంచి వేలితో లోపలికి తోసుకుంటున్నాడు. నీలమ్మను చూసి దిగ్గున లేచాడు.

"నోరు తెరువు."

"ఏం లేదే..."

"తెరువంటున్న!"

తెరిచాడు. వేలెడంతే తెరుచుకుంది. నీలమ్మ పెట్టి చూస్తే ఒక వేలు లోపలికి పోయింది, రెండోది పళ్లకు తట్టుకుని ఆగిపోయింది. లోపల బుగ్గ అట్టలా బిగుసుకుపోయి తగిలింది. అంగీ జేబులో గుట్కా పొట్లం అంచు కనబడుతూనే ఉంది. ఈల ఎందుకు ఆగిందో, నవ్వెందుకు ఆగిందో, గోడవైపు ఎందుకు తిరిగాడో నీలమ్మకు ఒక్కసారే అర్థమైంది.

"నీ మీద ఒట్టేసిన గద," అన్నాడు శివయ్య, పెదవులు కదిలీ కదలకుండా. "ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?"

కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. అతని చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ గేటు దాటించి, ఆటో ఆపింది. "పెద్ద దవాఖాన" అని చెప్పి ఎక్కి కూర్చున్నాక, అతని అంగీ గుప్పిట పట్టుకుని గొల్లుమంది.

"గీ రోగం కన్నా ఇంకొకదాన్ని ఉంచుకున్నా బాగుండు గదయ్యా! దాన్నయితే జుట్టు వట్టి కొడుదును. దీన్ని నేనేం జెయ్యాలె?"