గోతం కుట్టు, సముద్రపు తాబేలు

జగ్గయ్యపేటలో మాది గోనెసంచులు, పురికొసలు, తాళ్లు అమ్మే దుకాణం. మిర్చి బస్తాల మూతి కుట్టే గొలుసుకుట్టు నాకు పలకా బలపం కంటే ముందే తెలుసు. ఆ దారం ఒకచోట తెగిందంటే చాలు, అక్కడి నుంచి బరబరా ఊడిపోతుంది.

అలాంటి ఇంట్లో పుట్టి సముద్రపు తాబేళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటే అమ్మకి ఇప్పటికీ నవ్వే. "నీళ్లు చూడాలంటే మున్నేరు లేదుటే?" అంటుంది.

తాబేలు గాలి కోసం పైకి రావాలి. వలలో చిక్కితే రాలేక చచ్చిపోతుంది. నేను పనిచేసే తీరంలో ఒక జాలరి వలలో అలాగే ఒకటి పోయింది. ఆయన దానికి పసుపూ కుంకుమా పెట్టి ఇసుకలో పూడ్చారు. "ఇంకోటి నా వల్లో చస్తే చేపల ఏట మానేసి కూలికి పోతానండి," అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి.

వల ముక్కల్ని మా గొలుసుకుట్టుతో కలిపితే? చేపలకి ఆగాలి, తాబేలు గుంజితే ఊడాలి. దుకాణం వెనక గోడౌన్‌లో కుట్టి, బరువులు కట్టి లాగాను. ప్రతిసారీ చక్కగా ఊడింది. ఎగిరి గంతేశాను.

మర్నాడు పెనుగంచిప్రోలు వెళ్లి మున్నేట్లో ముంచి లాగితే, ఒట్టు, ఒక్క పోగు కదల్లేదు! నూలు తడిసి బిగుసుకుపోయింది. నా ఖర్మ! చినుకు పడితే పరుగెత్తి బస్తాల మీద పట్టాలు కప్పే వంశం మాది. దారాన్ని కావాలని తడపడం మా ఇంటావంటా లేదు. ఆ వలే ఆ జాలరికి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఏడుపొచ్చింది.

"సముద్రం తడిగా ఉంటదని నీ చదువులో చెప్పలేదా తల్లీ?" అంది అమ్మ.

ఒళ్లు మండింది. అయినా కూర్చుని సన్నదారానికి మైనం పట్టించి మళ్లీ కుట్టాను. ఈసారి అమ్మ కూడా కుచ్చిళ్లు ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలో దిగింది. తనో కొస, నేనో కొస. మెల్లగా లాగితే ఆగింది. బలంగా గుంజేసరికి బర్రున ఊడి, అమ్మ నీళ్లలో చతికిలబడి పకపకా నవ్వింది.

ఆ దారంతోనే జాలరి వల కుట్టి ఇచ్చి ఇంటికొచ్చాను. ఒక రోజు మిర్చి రైతులతో దుకాణం కిటకిటలాడుతుండగా ఆయన ఫోన్.

"వల ఒక పక్క ఊడిందండి. చేపలు సగం పోయినాయి."

నష్టం నేను కట్టిస్తానండీ అనబోయాను.

"పోతే పోయినాయి లెండి! తాబేలు పడవ పక్కనే పైకి తేలి బుస్సుమని గాలి పీల్చుకుందండీ. నా కళ్లతో చూశా."

"తాబేలు బతికిందే అమ్మా!" అని అరిచాను. అమ్మ బేరం వదిలేసి ఫోన్ లాక్కుంది. "దానికి దెబ్బలేం తగల్లేదుగా నాయనా?"

"లేదమ్మా. మిగతా వలలకి కూడా కుట్టిపెట్టమనండి. రేపు మళ్లీ ఏటకెళ్తన్నా."