మునెమ్మ ఎడమ బొటనవేలు

వ్యాసర్పాడి నుంచి చూలైకి పదకొండేళ్ళు కాళ్ళీడ్చుకుంటూ నడిచింది మునెమ్మ. అక్కడ డబ్బాల కార్ఖానాలో రేకు కోసే పని. మొగుడు పోయాక ఆమెకూ తల్లికీ ఆ పనే కూడు. అది పోతే పొయ్యి వెలగదు. ఆ సంగతి ఆమెకు తెలియదనుకునేరు, బాగా తెలుసు.

తెలిసీ ఎందుకు నోరు విప్పిందంటే, పక్కన కూర్చుని పనిచేసే పుష్పవల్లికి రెండు వేళ్ళు తెగిపోయాయి. రేకు కోసే మిషనుకు కత్తి ముందర ఇనప జాలీ ఉండాలని చట్టం. జాలీ ఉంటే పని నెమ్మదిస్తుందని యజమాని బాలసుందరం దాన్ని ఊడదీయించి మూలన పెట్టించాడు. ఎంత చల్లని మనసో చూడండి! వేళ్ళు తెగాక కూడా అది మూలనే ఉంది.

కోర్టు అరుగు మీద అర్జీలు రాసే ఏళుమలై చేత మునెమ్మ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు ఒకటి రాయించింది. పేర్లు వద్దంది. ఎవరు ముందు వేశారో తెలియకుండా తొమ్మిది మంది ఆడవాళ్ళు గుండ్రంగా వేలిముద్రలు వేశారు. ఆ పేటలో అర్జీలకు అదే పద్ధతి. పేరు లేదు, మొదలు లేదు, ఇక భయమేమిటనుకున్నారు పిచ్చి తల్లులు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జాలీ బిగించాక గానీ కదల్లేదు. మంచిదే. కానీ ఆ మహానుభావుడు అర్జీని కూడా తీసి బాలసుందరం బల్ల మీద పరిచాడు. ఎనిమిది ముద్రలు ఒక్క తీరున ఉన్నాయి. తొమ్మిదోదాని నడుమ అడ్డంగా తెల్లటి గీత. ఆ మిషనే ఎప్పుడో చీల్చిన వేలు అది. వారం వారం కూలి పట్టీలో మునెమ్మ వేసే ముద్రలో ఆ గీతను చూసే గుమాస్తా కోదండరాం, తల వంచుకుని పేరు చెప్పాడు.

మర్నాడు మునెమ్మను గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఎనిమిది మందికీ తెలిసింది. ఒక్కరూ బయటికి రాలేదు. వాళ్ళను మాత్రం ఏమనగలం, వాళ్ళకూ పొయ్యిలున్నాయి.

మూడు నెలలు లేబరు ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి అక్కడి గుమాస్తా వెంకటాచలపతి ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"జాలీ ఉండాలని చట్టముంది కదమ్మా. లేదని చెప్పినవాళ్ళను తీసెయ్యకూడదని అందులో ఎక్కడా లేదు. మిగతా ఎనిమిది మందీ నీ పక్షాన వస్తే కార్మికుల తగాదా అవుతుంది. ఒక్క మనిషి గోడు లెక్కలోకి రాదు."

"వాళ్ళెందుకులే సామీ. వాళ్ళనీ తీసేస్తారు. నాది ఒకటే రాసుకోండి."

ఆయన నిట్టూర్చి, కాగితం రాసి, సిరా పెట్టె జరిపాడు. మునెమ్మ చాలాసేపు తన చేతినే చూసుకుంది. విసుగొచ్చింది ఆమెకు, ఆ వేలిమీదే.

"కుడిది వేస్తే పనికిరాదా సామీ?"

"ఎడమదే వెయ్యాలమ్మా. అది నీదేనని తెలియాలి కదా."

"నాదని తెలిసే గదా సామీ, ఈడ కూచోనుండాను," అని మునెమ్మ వేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది.