మామ గట్టు దగ్గర మా మన్ను

నా చిన్నప్పుడు కడుపుమంట అంటే ఏమిటో నాకు తెలిసింది కింది చేని మామ వల్లే. మనిషి మంచివాడే. ఆయన చేనంటేనే నాకు గిట్టేది కాదు. పులివెందుల దగ్గర మా ఊళ్లో మా రెండు చేన్లూ ఒకే వాలులో ఉండేవి. మాది పైన, ఆయనది కింద. గట్టివాన పడితే మా ఎర్రమన్ను కొట్టుకుపోయి ఆయన గట్టు దగ్గర ఆగేది. ఆయన శెనక్కాయ చెట్లు గుబురుగా కమ్ముకునేవి, మావి జానెడు దాటేవి కావు. మా చేలో ఏటేటా పెరిగేవి రాళ్లే.

కలిసి మీ చేలో కూడా గట్టు వేద్దామని మామ రెండుసార్లు మా నాయనను అడిగాడు. నాయన ఒప్పుకోలేదు. మన మన్ను తిని బతికేవాడితో పొత్తేమిటని ఇంట్లో గొణిగేవాడు. విని విని నాకు ఒళ్లు మండి, ఒకనాడు తిన్నగా వెళ్లి, "మామా, మా మన్ను మాకియ్యి" అన్నాను.

ఆయన నవ్వలేదు, కసరలేదు. "మీదే పాపా, ఎత్తుకపో" అని తట్ట తెచ్చి, తనే పారతో నింపి నా నెత్తికెత్తాడు. మధ్యాహ్నం దాకా మోశాను. మెడ పట్టేసింది. మా చేలో చిన్న కుప్ప పడితే, గెలిచానని మురిసిపోయాను. ఆ సాయంత్రమే వాన కురిసింది. కుప్పంతా మళ్లీ ఆయన గట్టుకే చేరింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు చూస్తే మామా, అత్తా మా చేలోకి రాళ్లు మోస్తున్నారు. నాయన ఒక్క ఉరుకున వచ్చి, "ఏందప్పా, మా చేలో నీకేం పని?" అని గద్దించాడు.

"నీ బిడ్డ మోసింది నిలబడల్యా. మీ మన్ను నాకు ఒగ యేడు లాభమే. రెండో యేడు మీ చేలోంచి దూకే నీళ్ల దెబ్బకు నా గట్టే తెగుతాది. పట్టు, ఆ రాయి" అన్నాడు మామ.

నాయన తల దించుకుని గడ్డపార అందుకున్నాడు. వాలుకు అడ్డంగా రాళ్లకట్ట లేచింది. తర్వాత మాకూ పైనున్న చేలవాళ్లూ కలిశారు. కూలి లేదు, ఇవాళ ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో బదులుకు పని. కట్టల వెంబడి గడ్డి నాటారు. మరుసటి ఏడు మన్ను కదల్లేదు, వాననీళ్లు మా చేలోనే ఇంకాయి. అవి ఊరింది మాత్రం కింద మామ బావిలో! నాకు మళ్లీ కడుపు మండింది. కానీ ఆ వేసవంతా మా ఎద్దులు తాగింది ఆ బావి నీళ్లే.

ఇప్పుడు నేను మనవరాళ్లున్న ముసలిదాన్ని. అయినా ఎవరి చీనీతోట పచ్చగా కనిపించినా నాకు కుళ్లు పుడుతుంది, దాచుకోను. కాకపోతే ఇంట్లో కూర్చుని గొణగను. నేరుగా వాళ్ల తోటకు పోయి, "ఏం చేసినావప్పా? రా, మా చేలో గూడా చేద్దాం" అంటాను. మామ అడిగిన ఆ ఒక్కమాటకు ఒప్పుకోలేక మా నాయన ఎన్ని వానలు పోగొట్టుకున్నాడో.