పనస తొనల పెళ్ళిసంబంధం

పిల్లనడగడానికి వెళ్ళి ప్రాణాల మీదికి తెచ్చుకున్న మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కొవ్వూరు వచ్చి నన్ను చూసిపోండి, కాఫీ కూడా ఇస్తాం.

అప్పటికే పద్మ అంటే నాకు ప్రాణం. పద్మకీ ఇష్టమే. కానీ వాళ్ళింట్లో ఏ మాటైనా అన్నయ్య సత్తిబాబుగారు ఊఁ అంటేనే. ఆయన భారీ మనిషి. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం వీధి చివరిదాకా వినపడేది. చేపలంటే పిచ్చి.

"పాపికొండల్లో గాలం వేద్దాం, రాత్రికి ఇసకతిన్నె మీదే పడక. వస్తావేంటయ్యా?" అన్నారో వేసవి సెలవుల్లో. గాలం పట్టుకోవడం రాకపోయినా ఎగిరి గంతేశాను.

"అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయంటండి," అన్నాను పడవలో.

"పనసపండు వాసనకి వస్తాయి. మనం తీసుకెళ్ళట్లేదుగా!"

నా సంచిలో ఏముందో మీరు ఊహించే ఉంటారు. ఆయనకి ఇష్టమని తెచ్చినవే. చెబితే వెనక్కి తిప్పేస్తారేమోనని నోరు మూసుకున్నాను.

తిన్నె మీద గుడారం వేశాక, "నువ్వీ గాలం చూస్తుండు, నేనలా ఓ చుట్టు చుట్టొస్తా," అని ఆయన పడవెక్కారు. నేను నీటి అంచున కూర్చుని, బెండు మీద కళ్ళు పెట్టి, ఆయనతో చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటున్నాను. ఎర్రటి గోదావరి మెల్లగా నల్లబడుతోంది. అలాంటి సాయంత్రం మళ్ళీ నాకు దొరకలేదు.

ఇంతలో వెనక ఇసకలో అడుగులు. ఆ వెంటనే, తెలిసిన ఆయాసం.

తిరిగి మొహం చూస్తే మాట పెగలదని తల తిప్పలేదు. మా వైపు మర్యాద మీకు తెలుసు కదా, పెట్టందే అడగం. పొట్లం విప్పి వెనక్కి తోశాను.

"తినండి. మీకోసమే తెచ్చానండి."

చప్పరిస్తున్న చప్పుడు. నాకు ధైర్యం వచ్చింది.

"పద్మని నాకిచ్చి చేయండి. ఆస్తి లేదు గానీ, తనని ఒక్కనాడూ కంటతడి పెట్టనివ్వనండి."

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కోపమొచ్చిందా అండి? పోనీ, ఇంకో తొన తినండి."

"ఏమయ్యా సుబ్బారావూ!" నది మధ్యలోంచి కేక. "నేనిక్కడుంటే అక్కడెవర్ని అడుగుతున్నావయ్యా?"

పడవలో సత్తిబాబుగారు. మరి నా వెనక? మొహమాటానికి పోతే ఏమొస్తుందో పెద్దలు సామెతలో చెప్పారు గానీ, నాకు మాత్రం ఎలుగుబంటి వచ్చింది. మూతి నాక్కుంటోంది. నేను గోదావరిలోకి దూకానో, పడ్డానో ఇప్పటికీ తేలలేదు. ఆయన తెడ్డుతో గిన్నె మీద డబడబా వాయిస్తుంటే, అది మిగిలిన పొట్లం నోట కరుచుకుని కొండెక్కింది.

నన్ను జుట్టు పట్టి పడవలోకి లాగి, ఆయాసం తీర్చుకున్నాక అడిగారు.

"ఇంతకీ అదేమంది?"

"ఏమీ అనలేదండి."

"మౌనం అర్ధాంగీకారం. ఆ సగం అదిచ్చింది, మిగతా సగం నేనిస్తున్నా. ఇక ఏడుపాపవయ్యా."

మా పెళ్ళిపెద్ద ఎలుగుబంటేనని పద్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. సత్తిబాబుగారు పోయి రెండో ఏడు. ఇంట్లో పనసపండు కోసినప్పుడల్లా ఆ ఆయాసం ఒక్కసారి వినాలనిపిస్తుంది. ఎంతగా అంటే, చెప్పలేను.

అయినా గోదావరి తల్లి సాక్షిగా ఒట్టు: ఇకమీదట మొహం చూడకుండా ఎవరికీ పనస తొన పెట్టను, పెళ్ళిమాట ఎత్తను. ఒక్క మినహాయింపు. ఏదో ఒక సాయంత్రం, ఏటి ఒడ్డున, వెనక ఆ ఆయాసం వినపడితే మాత్రం తల తిప్పను. "రండి బావగారూ, కూర్చోండి," అని పొట్లం వెనక్కి తోస్తాను. వచ్చింది ఎవరైనా సరే.