విజయ ఆంటీ దగ్గర "చాలు" అంటే ప్లేటు పోయేది

నిన్న మధ్యాహ్నం క్లయింట్ మీటింగ్‌లో ఉండగా మాయ ఫోన్ చేసింది. విజయ ఆంటీ కూతురు. ఎప్పుడూ మెసేజే పెడుతుంది, ఫోన్ చేయదు. అందుకే ఎత్తా.

"అక్కా, అమ్మ ఈజ్ గాన్."

పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. అంబులెన్స్ వచ్చేలోపే అంతా అయిపోయిందట.

నాకు బుర్ర పనిచేయలేదు. మొన్న ఆదివారమే కదా, టొరంటో పక్కనే మార్కమ్‌లో వాళ్లింట్లో నా ప్లేటులో పప్పు మారు వడ్డిస్తూ "ఆ బ్యాంకు నిన్ను నమిలేస్తోందే" అని తిట్టారు.

మీటింగ్ మధ్యలో లేచొచ్చేశా. కోటు కుర్చీకే ఉండిపోయింది. మా ఆఫీసులో కుర్చీకి కోటు వేలాడుతుంటే మనిషి ఇంకా పనిలో ఉన్నట్టే లెక్క. నిన్నంతా నేను పనిలోనే ఉన్నాననుకుని ఉంటారు.

ఆంటీ తెలియని వాళ్ల కోసం చెప్తున్నా.

తెనాలి నుంచి పెళ్లయి టొరంటో వచ్చి, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో ఇరవై ఆరేళ్లు చేశారు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే లెక్కలు తేల్చే పని. పగలూ రాత్రీ ఉండదు, ఆదివారం ఉండదు. ఏడాది చివర బోనస్. ఒక్కోసారి జీతం కంటే పెద్దది. ఆ ఒక్క నంబర్ కోసం పెళ్లిళ్లు, పండగలు, నిద్ర అన్నీ మానుకుంటారు. "బాగా డబ్బులిచ్చే హాస్టల్" అనేవారు ఆంటీ.

మేం స్టూడెంట్లం ఒక్కసారిగా కెనడా మీద పడ్డ ఏళ్లవి. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం అమ్మాయిలం. అప్పటికే రిటైరైన ఆంటీ మమ్మల్ని ఆదివారాలు భోజనానికి పిలిచేవారు. భోజనం ఫ్రీ, ఆంటీయే బాస్‌లా కూర్చుని చేసే మాక్ ఇంటర్వ్యూ కంపల్సరీ. కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసుకునే ఈ ఖమ్మం పిల్ల బ్యాంకులో ఎనలిస్ట్ అయ్యిందంటే ఆ భోజనాల పుణ్యమే.

బోనస్ రోజున మా బ్యాంకులో ఒక్కొక్కర్నీ అద్దాల గదిలోకి పిలిచి నంబర్ చెప్తారు. ఎంత చెప్పినా మొహంలో ఏమీ కనపడకూడదు. తల ఊపి బయటికొచ్చేయాలి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మొదటి ఏడాది నంబర్ వినగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించి "దిస్ ఈజ్ మోర్ దాన్ ఇనఫ్, సర్" అన్నా. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అంటాం చూడండి, అలా. మన దగ్గరైతే అలా అన్నాక ఇంకో గరిటె పడుతుంది.

రెండో ఏడాది పని రెట్టింపైంది. ఒక డీల్ తెగలేదని సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లలేదు. తాళి కట్టడం ఫోన్‌లో చూశా, పక్క స్క్రీన్ మీద ఎక్సెల్ తెరిచే ఉంది. డిసెంబర్‌లో నంబర్ చెప్పారు. మొదటి ఏడాది కంటే తక్కువ.

ఎందుకని అడిగితే మా బాస్ చాలా మామూలుగా చెప్పాడు. పోయినసారి నువ్వు హ్యాపీగా ఉన్నావు, మిగతావాళ్లు లేరు, అందుకే వాళ్లకి సర్దాను అని.

నేరుగా ఆంటీ ఇంటికెళ్లి ఏడ్చా. డబ్బు కోసం ఏడవలేదంటే అబద్ధం. కానీ తమ్ముడి పెళ్లి వదులుకుని చేసిన పనికి అంతేనా విలువ అన్నది ఎక్కువ మండింది. రిజైన్ చేసి ఇంటికెళ్లిపోతానన్నా.

ఆంటీ అంతా విని పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నేనూ మొదటి ఏడాది అదే కూశానే. మూడేళ్లు తిన్నా దాని దెబ్బ. పోతే పో, కానీ గెలిచి పో."

ఆ వారం నుంచే ట్రైనింగ్, నాకే కాదు, ఆదివారం వచ్చే అమ్మాయిలందరికీ. ఆంటీ వడ్డిస్తారు. నేను "చాలు" అంటే ప్లేటు తీసేస్తారు. ఉత్తుత్తిగా కాదు, నిజంగానే. మొదటి ఆదివారం గుత్తి వంకాయ ఒక్క ముద్దతో పోయింది. తర్వాతి వారం పులిహోర. చిన్నప్పటి నుంచి అలవాటైన మాట, దానంతటదే వచ్చేస్తుంది. అంకుల్ జాలిపడి ఆంటీ చూడకుండా అరటిపండు ఇచ్చేవారు.

నాలుగో వారం ఆంటీ కళ్లలోకి చూసి "ఇంకొంచెం వేయండి" అన్నా.

ఆంటీ గరిటె పక్కన పెట్టారు. "ఇప్పుడు విను. నంబర్ చెప్పే రోజు అడిగితే దండగ, అప్పటికే లిస్ట్ అయిపోయి ఉంటుంది. సెప్టెంబర్‌లోనే మీ బాస్ దగ్గరికి వెళ్లు. చేసింది చెప్పు, కావాల్సింది చెప్పు, నోరు మూసుకో. తర్వాత ఆయనే మాట్లాడాలి."

సెప్టెంబర్‌లో వెళ్లా. మూడు డీల్స్‌లో నేను చేసిన పని చెప్పా. నా బ్యాచ్‌లో టాప్ బోనస్ కావాలన్నా. డిసెంబర్‌లో పది రోజులు లీవ్ కావాలి, లాప్‌టాప్ తీసుకెళ్లను అని కూడా చెప్పా.

ఇక నోరు మూసుకున్నా.

చాలాసేపటికి ఆయనే "లెట్ మీ వర్క్ ఆన్ ఇట్" అన్నాడు.

డిసెంబర్‌లో విన్న నంబర్ పోయినేడాదికి రెట్టింపు పైనే. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. తల ఊపి బయటికొచ్చా. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక గంతులేశా. లాప్‌టాప్ సొరుగులో పెట్టి తాళం వేసి ఖమ్మం వెళ్లా. తమ్ముడి కూతురి అన్నప్రాశనలో పాయసం మొదట నాకించింది ఈ మేనత్తే.

తిరిగొస్తూ ఎయిర్‌పోర్ట్ నుంచి ఆంటీకి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగారు.

"చాలా?"

"చాలదు ఆంటీ."

ఆ నవ్వు ఫోన్ దాటి పక్క సీటు వాళ్లకి కూడా వినిపించింది.

నిన్నటి నుంచి మా ఆదివారం బ్యాచ్ మెసేజ్‌లు ఆగట్లేదు. ఒకమ్మాయి ఇప్పుడు కెనడా ఆ చివర బర్నబీలో మేనేజర్. సస్కటూన్ నుంచి స్వాతి రాసింది: "జీతం పెంచమని అడగబోయే ప్రతిసారీ పోయిన ఆ వంకాయ కూరే గుర్తొస్తుందే." ఏడుస్తూనే నవ్వా.

గెలిచాం ఆంటీ. మీరు ప్లేటు లాక్కున్న పిల్లలందరం గెలిచాం.

వెళ్లిరండి. ఇరవై ఆరేళ్లు నిద్ర మానుకున్నారు, ఇప్పుడు ఎవరూ లేపని చోట హాయిగా పడుకోండి.

మీరు నేర్పినట్టే మొహమాటం లేకుండా చెప్తున్నా ఆంటీ. మీరు మాకు చాలలేదు.